వాన లెక్క, పచ్చ లెక్క

మా అనంతపురం జిల్లాను ఆకాశం నుంచి చూడడం నిన్నమొన్న మొదలైన పని కాదు. 1974-75లోనే ఇస్రో, భారత వ్యవసాయ పరిశోధన మండలి కలిసి విమానంలోంచి పంటల ఫొటోలు తీయించడానికి దేశంలో రెండు జిల్లాలను ఎంచుకున్నాయి. ఒకటి పంజాబులోని పటియాలా, రెండోది మాది. పథకం పేరు ‘ఎరైజ్’. ఆర్యభట్ట ఎగిరిన రోజులవి. పంటను చూడగలిగిన కన్ను అంతరిక్షంలో మన దేశానికి ఇంకా లేదు. అందుకే విమానానికి కెమెరా కట్టి, పరారుణ రంగుల ఫిల్ము వేసి, మా బుడ్డల (వేరుశనగ) చేలను బొమ్మలు తీసుకుపోయారు. నీళ్లకు కొదవలేని గోధుమ నేల ఒకటి, మోడం (మబ్బు) వైపు చూస్తూ విత్తనం వేసే నేల ఒకటి. కొత్త పనిముట్టును పరీక్షించడానికి ఇంతకంటే మంచి జోడీ దొరికేది కాదు. మా జిల్లా పేరు కరువు వార్తల్లో తప్ప వినని వాళ్లకు ఈ సంగతి చెబితే ఇప్పటికీ నమ్మరు.

నేను గణాంక శాఖలో పనిచేసి రిటైరైన మనిషిని. కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు మండలాల్లోనే సర్వీసు ఎక్కువగా గడిచింది. పొద్దున ఎనిమిదిన్నరకు ఆఫీసు ఆవరణలోని వానమాపకంలో నీళ్లు కొలిచి రిజిస్టర్లో రాయడం, అడంగళ్లలోంచి సాగు విస్తీర్ణం కూడడం, కోతల వేళ పంటకోత ప్రయోగాలు చేయడం, ఇదే మా పని. కరువును నేను ఎక్కువగా ఫారాల్లోనే చూశాను. ఆ ఫారాల వెనక రెండు వందల ఏళ్ల కథ ఉంది. ఈ నేల మీద ఎంత వాన పడింది, ఎంత పచ్చబడింది అని ఎవరు చూశారు, ఏ కంటితో చూశారు, వాళ్ల మాట ఎవరు నమ్మారు అన్నదే ఆ కథ.

మొదట చూసినవాడు కరణం. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి దత్తం చేశాక థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. పొలాలు కొలిపించి, రైతు రైతుకూ విడివిడిగా శిస్తు కట్టాడు. శిస్తు రైతు పేరున పడ్డాక, పంట పోయిన ఏడు మినహాయింపు అడగాల్సింది కూడా ఆ రైతే. అప్పుడు పంట ఎంత పోయిందో ఎవరో ఒకరు చెప్పాలి. పైరును చూసి ‘ఇది ఇన్నణాల పంట’ అని తేల్చే ఆ అంచనాకే దేశంలో చాలాచోట్ల అణావారీ అని పేరు. పదహారణాల్లో పన్నెండణాలు వస్తే మంచి పంట, ఆరణాలు వస్తే కష్టం, అంతకు దిగితే కరువు.

కరణం కంటికి ఊరంతా తెలుసు. ఏ చేను ఎర్ర గరప, ఏది నల్లరేగడి, ఎవరి బావిలో ఎండాకాలం కూడా ఊట ఉంటుంది అన్నీ తెలుసు. ఎవరు కావలసినవాళ్లో, ఎవరు కానివాళ్లో కూడా ఆ కంటికి బాగా తెలుసు. చిక్కల్లా అక్కడే వచ్చింది. పైగా అణాలు ఎక్కువ వేస్తే రైతుకు కోపం, తక్కువ వేస్తే సర్కారుకు కోపం. పాత కరణాల మీద మనవాళ్లు చెప్పుకునే కథలన్నీ నిజమే కావచ్చు. కానీ పైరు మొదట్లో నిలబడి, కాయ గిల్లి చూసి చెప్పిన లెక్క అది. దాని విలువ ఏమిటో తర్వాత తెలిసొచ్చింది.

ఆ పద్ధతి లోపాలను 1876 బయటపెట్టింది. మా పెద్దవాళ్లు ధాత కరువు అనేవారు, ఆ ఏడు పేరు ధాత కాబట్టి. అప్పటికి మాది బళ్లారి జిల్లా. అనంతపురం విడిగా జిల్లా అయింది 1882లో. ఆ ఏడు ముంగారు (నైరుతి వాన) పోయింది, హింగారూ (ఈశాన్య వాన) పోయింది. మరుసటేడు వానలు తీరుబడిగా వచ్చేసరికి ఊళ్లలో విత్తేవాళ్లు లేరు. 1881 జనాభా లెక్కల్లో జనం తగ్గిపోయిన జిల్లాల్లో బళ్లారి, కర్నూలు ముందున్నాయి. కరువు పనుల్లో రోజంతా రాళ్లు కొట్టిన మనిషికి ఒక పౌను ధాన్యం, చేతిలో కొద్దిపాటి డబ్బు చాలని రిచర్డ్ టెంపుల్ దొర తేల్చిన కరువు ఇదే. తర్వాత రిచర్డ్ స్ట్రాచీ అధ్యక్షుడిగా కరువు కమిషన్ కూర్చుంది. పంటల లెక్కలు క్రమం తప్పకుండా సేకరించాలనీ, అందుకు వ్యవసాయ శాఖలు ఉండాలనీ 1880లో చెప్పింది. నా ఉద్యోగానికి మూలపురుషుడు ఆ నివేదికే అని నేను మా జూనియర్లకు చెబుతుండేవాణ్ణి.

భారత వాతావరణ శాఖ పుట్టింది ఆ కరువుకు ఒక ఏడాది ముందు, 1875లో. మొదటి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫోర్డ్. హిమాలయాల మీద మంచు ఎంత కురిసిందో చూసి ముంగారు ఎలా ఉంటుందో ముందే చెప్పవచ్చని ఆయన నమ్మాడు. 1886 నుంచి అంచనాలు ఇవ్వడం మొదలుపెట్టాడు. తాలూకా కచేరీల్లో వానమాపకాలు నాటుకున్నదీ ఆ కాలంలోనే. మొదటిసారి ఈ నేల గురించి ఒక మనిషి అభిప్రాయంతో పనిలేని లెక్క పుట్టింది. డబ్బాలో పడిన నీళ్లకు బంధువులు లేరు.

ఆ డబ్బా గురించి కొంచెం చెప్పాలి. నేను వాడిన వానమాపకం మూతి రెండు వందల చదరపు సెంటీమీటర్లు, చిన్న సత్తు పళ్లెమంత. అవిభక్త అనంతపురం జిల్లా విస్తీర్ణం 19,130 చదరపు కిలోమీటర్లు, మండలాలు 63. సగటున మూడు వందల చదరపు కిలోమీటర్లకు ఆ పళ్లెమంత మూతి ఒక్కటి. మా వైపు వానను ఎద్దు ఒక కొమ్ము తడిసి ఇంకో కొమ్ము తడవనట్టు కురిసిందంటారు. అలాంటి వానకు మండలానికొక డబ్బా పెట్టి, అందులో పడింది మండలమంతా పడినట్టు రాయడం మా రూలు. ఆఫీసు మీద మోడం కరిగి ముప్పై మిల్లీమీటర్లు పడితే, ఆరు మైళ్ల అవతల దుమ్ము లేస్తున్న ఊరికి కూడా కాగితం మీద ముప్పై మిల్లీమీటర్లే.

సంతరోజున ఆఫీసు ముందు కూర్చునే రైతులు అడిగేవాళ్లు.

“ఏం సారూ, నిన్న రాత్రి మీ డబ్బాలో ఎంత పడినాది?”

“పద్దెనిమిది మిల్లీమీటర్లు, పెద్దాయనా.”

“మిల్లీమీటర్లు నాకెందుకు సామీ. మా చేన్లో అర పదును గూడా కాలా.”

పదును అన్నదే ఇక్కడి వాన కొలత. చేత్తో మట్టి తవ్వి, తడి ఎంత లోతు దిగిందో చూసి చెప్పే లెక్క. దుక్కి పదును వేరు, విత్తన పదును వేరు. ఎర్ర గరపలో పదునైన వాన నల్లరేగడిలో పదును కాదు. మా శాఖలో మాత్రం రెండున్నర మిల్లీమీటర్లు పడితే అది వర్షపు రోజు. మే నెలలో కాలిన ఇసుక నేల మీద రెండున్నర మిల్లీమీటర్లు పడితే మధ్యాహ్నానికి దాని జాడే ఉండదు. అయినా రిజిస్టర్లో ఒక వర్షపు రోజు పెరుగుతుంది.

జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లా అనంతపురమని ప్రతి వ్యాసంలోనూ రాస్తారు. ఆ వాక్యం చదివినప్పుడల్లా నాకు విసుగు. మా సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర. అందులో సుమారు 340 ముంగారులో, 155 దాకా హింగారులో పడాలి. కొర్రకూ సజ్జకూ ఇది చాలినంత వాన. వేళకు పడితే బుడ్డలకూ చాలుతుంది. వేళకు పడకపోవడమే జబ్బు. మృగశిరలో నాలుగు చినుకులు రాల్చి, ఆరుద్రలో విత్తేలా ఊరించి, ఆశ్లేష, మఖ కార్తెల్లో నెల రోజులు మొహం చాటేసి, ఉత్తరలో ఒక్క రాత్రి చెరువు తెగేలా కురిస్తే ఏడాది సగటు సరిపోతుంది. మధ్యలో వచ్చిన ఆ బెట్ట సగటులో ఎక్కడా కనిపించదు.

ఈ బెట్టకు బాగా లొంగే పంటనే మేం నెత్తికెత్తుకున్నాం. జొన్న, కొర్ర, సజ్జ, ఆరిక కలిపి వేసుకునే మెట్ట చేలు 1960ల తర్వాత క్రమంగా బుడ్డలకు మారాయి. నూనె గింజకు ధర ఉంది, కట్టె మేతకు పనికొస్తుంది, బ్యాంకు అప్పు ఇస్తుంది, ఆ తర్వాత బీమా కూడా తోడైంది. నా సర్వీసు నడిమి కాలానికి జిల్లాలో ఏడెనిమిది లక్షల హెక్టార్లలో ఒకటే పంట. ఎరైజ్ విమానం చూసిన జిల్లా ఈ మార్పు దారిలో ఉన్న జిల్లా.

ఇక విమానం సంగతి. మన దేశంలో ఈ విద్యకు మూలం 1970లో కేరళ కొబ్బరితోటల మీద పి.ఆర్. పిషరోటి చేయించిన ప్రయోగం. వేరు వడలు తెగులు సోకిన చెట్లు మామూలు కంటికి కనిపించకముందే పరారుణ ఫిల్ములో తేడాగా పడతాయని ఆయన చూపించాడు. ఆ ఫిల్మును నిజానికి యుద్ధంలో కొమ్మలు కప్పి దాచిన తుపాకులను పట్టుకోవడానికి తయారు చేశారు. బతికిన ఆకు ఎర్ర కాంతిని మింగేస్తుంది, మన కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని మాత్రం వెనక్కి విసిరేస్తుంది. ఎండిన ఆకు, వట్టి మట్టి అలా చేయలేవు. ఈ ఒక్క గుణం మీదే తర్వాత కథంతా నడిచింది.

ఆ రెండు కాంతుల తేడాను వాటి మొత్తంతో భాగిస్తే ఒక అంకె వస్తుంది. వట్టి నేలకు పాయింట్ ఒకటి దరిదాపుల్లో, దట్టమైన పైరుకు పాయింట్ ఏడు, ఎనిమిది దాకా. 1972లో అమెరికా వదిలిన తొలి లాండ్‌శాట్ బొమ్మలతో టెక్సాస్ వైపు గడ్డి మైదానాల మీద ఈ లెక్కను మొదట వాడి చూశారు. ఇంగ్లీషులో ఎన్‌డీవీఐ అనే ఈ అంకెను మా ఆఫీసులో మేం ‘పచ్చ లెక్క’ అనేవాళ్లం. కాంప్టన్ టక్కర్ అనే నాసా శాస్త్రజ్ఞుడు దీన్ని పెద్ద పనికి ఎక్కించాడు. వాతావరణం చూడ్డానికి వదిలిన నోవా ఉపగ్రహాలు రోజూ భూమినంతా చుట్టివస్తాయి. వాటి బొమ్మ ముతకది. కానీ రోజూ వస్తుంది. 1981 నుంచి ఆ బొమ్మల్లో పచ్చ లెక్క క్రమం తప్పకుండా తీయడం మొదలైంది.

దానికి తొలి పరీక్ష ఆఫ్రికాలో, సహారా ఎడారికి దక్షిణపు అంచైన సహేల్‌లో జరిగింది. 1968 తర్వాత అక్కడ వరుస కరువులు. హ్యూ లాంప్రే అనే పరిశోధకుడు 1975లో సూడాన్ మీద తిరిగి, పాత పటంతో పోల్చి, పదిహేడేళ్లలో ఎడారి తొంభై, వంద కిలోమీటర్లు ముందుకు వచ్చేసిందని రాశాడు. ఏడాదికి ఐదారు కిలోమీటర్ల వేగంతో నడిచొస్తున్న ఎడారి! ప్రపంచమంతా ఆ మాట పట్టుకుంది. మా సీమ గురించీ అలాంటి మాటలే సభల్లో విన్నాం. 1991లో టక్కర్, ఆయన సహచరులు ‘సైన్స్’ పత్రికలో పదేళ్ల పచ్చ లెక్క వేసి చూపించారు. 1980 నుంచి 1984 దాకా సహారా దక్షిణపు సరిహద్దు 240 కిలోమీటర్లు కిందికి జారింది. మరుసటేడు వాన పడగానే 110 కిలోమీటర్లు వెనక్కి పోయింది. పదేళ్లలో ముందుకూ వెనక్కూ ఊగుతూనే ఉంది. లాంప్రే చూసిన రెండు ఏళ్లలో ఒకటి వానేడు, ఒకటి కరువేడు. రెండు తేదీల మధ్య గీత గీసి, నేల చచ్చిపోయిందని చెప్పడం ఎంత తొందరపాటో ఆ వ్యాసం తర్వాత తెలిసింది. అంతేకాదు, నైజర్ దేశంలో రైతులు పొలాల్లో మొలిచిన చెట్ల మోళ్లను నరక్కుండా కాపాడుకుని లక్షల హెక్టార్లు మళ్లీ పచ్చబరిచిన సంగతి కూడా పైనుంచి తీసిన బొమ్మలతోనే లోకానికి రుజువైంది.

మన దగ్గరికి వద్దాం. జాతీయ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ 1974లో సికింద్రాబాదులో మొదలైంది. అమెరికా ఉపగ్రహం పంపే బొమ్మలు దించుకోవడానికి 1979లో షాద్‌నగర్ దగ్గర స్టేషను వచ్చింది. 1988 మార్చిలో మన సొంత ఐఆర్ఎస్-1ఏ ఎగిరింది. 1989 నుంచి కరువును పైనుంచి కనిపెట్టి జిల్లాల వారీగా నివేదికలిచ్చే ‘నాడమ్స్’ పని హైదరాబాదు బాలానగర్‌లోంచి క్రమంగా సాగింది.

ఈ తేదీలను మా వైపు తేదీల పక్కన పెట్టి చూడండి. 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. చేను మొదట్లో నిలబడే కన్ను పోయిన ఐదేళ్లకు, ఎనిమిది వందల కిలోమీటర్ల ఎత్తునుంచి చూసే కన్ను వచ్చింది. ఆ రెండింటి మధ్య మిగిలినవాణ్ణి నేను. చేతిలో వానడబ్బా, గుప్పెడు ఊళ్లలో పంటకోత.

మొదటి రోజుల బొమ్మలు మాకు నవ్వు తెప్పించేవి. నోవా బొమ్మలో ఒక్క చుక్క అంటే కిలోమీటరు పైన చదరం, దాదాపు మూడు వందల ఎకరాలు. అందులో వందమంది రైతుల చేలు, ఒక గుట్ట, ఒక చెరువు కట్ట, ఒక ఊరు అన్నీ కలిసి ఒకే రంగు. తర్వాత మన ఐఆర్ఎస్-1సీలోని వైఫ్స్ కెమెరాతో చుక్క తొమ్మిది ఎకరాలకు దిగింది. 2003లో రిసోర్స్‌శాట్ ఎగిరాక ముప్పావు ఎకరం. ఇప్పుడు ఐరోపావాళ్ల సెంటినెల్ బొమ్మలో చుక్కంటే రెండున్నర సెంట్లు, ఒక ఇంటి జాగా. రైతు తన చేను తాను గుర్తుపట్టగలడు. చుక్క సైజు తగ్గడం ఒక్కటే కష్టం కాదు. ముంగారులో మోడం కమ్ముకుని ఉంటే కెమెరాకు నేలే కనిపించదు. వాన పడే రోజుల్లోనే చూడాలి, చూడాల్సిన రోజుల్లోనే అడ్డం. అందుకే పదిహేను రోజులో నెలో బొమ్మలన్నీ పోగేసి, ప్రతి చుక్కకూ ఆ గడువులో వచ్చిన ఎక్కువ పచ్చను తీసుకుంటారు. మోడం పచ్చ లెక్కను తగ్గిస్తుందే కానీ పెంచదు కాబట్టి ఆ ఉపాయం బాగానే పనిచేసింది.

హైదరాబాదు నుంచి కుర్రాళ్లు పటాలు, జీపీఎస్ మిషన్లు పట్టుకుని వచ్చేవాళ్లు. బొమ్మలో పడిన రంగు నేలమీద ఏ పైరో సరిచూసుకోవడం వాళ్ల పని. నన్ను తోడు తీసుకుపోయేవాళ్లు. ఒకసారి కంబదూరు వైపు ఒక చేను దగ్గర జీపు ఆపారు. సెప్టెంబరు నెల. బొమ్మలో మంచి పచ్చ, కళ్లముందూ మంచి పచ్చ. కుర్రాడు సంతోషంగా రాసుకుంటుంటే చేను ఆసామి వచ్చి ఒక చెట్టు పీకి వాడి చేతిలో పెట్టాడు. వేళ్లకు రెండు కాయలు, అవీ లొట్టలు. “పచ్చగుంది కదా నాయనా, రాసుకో” అన్నాడు.

బుడ్డల సంగతి తెలిసినవాళ్లకు ఇందులో వింత లేదు. పూత వచ్చాక ఊడలు నేలలోకి దిగాలి. సరిగ్గా ఆ వేళకు బెట్ట వస్తే గరప నేల బిగుసుకుపోయి ఊడ గాల్లోనే ఆగిపోతుంది. తర్వాత పడిన వానకు ఆకు మళ్లీ నవనవలాడుతుంది, కాయ మాత్రం రాదు. పైనుంచి చూస్తే పదహారణాల పచ్చ, కింద నాలుగణాల పంట. ఐదు మీటర్ల చదరంలో తాళ్లు కట్టి, పీకించి, కాయ తూకం వేసే మా పంటకోతలో మాత్రమే అది బయటపడేది.

తిరగేసిన ఉదాహరణ కూడా ఉంది. 2000 ముంగారులో జిల్లా అంతటా బుడ్డల చెట్లు కాండం నుంచి కుళ్లి ఎండిపోయాయి. సుమారు 2 లక్షల 25 వేల హెక్టార్లు దెబ్బతిన్నాయి. పైనుంచి చూస్తే పచ్చ పోయింది కాబట్టి కరువే అనిపిస్తుంది. కారణం మాత్రం ఒక వైరస్. పొగాకు మీద మొదట గుర్తించిన ఆ వైరస్ గట్ల మీద పెరిగే వయ్యారిభామ పుప్పొడిలో ఉండి, తామర పురుగుల ద్వారా బుడ్డలకు ఎక్కిందని పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు తేల్చారు. ఆకాశంలోని కన్ను నష్టాన్ని చూస్తుంది. కారణం చెప్పడానికి మనిషి కిందికి వంగాల్సిందే.

మోసపుచ్చే పచ్చ ఇంకొకటుంది: కంపచెట్టు, అంటే సర్కారు తుమ్మ. ధాత కరువు కాలంలోనే మద్రాసు అటవీ అధికారి బెడ్డోమ్ దీని విత్తనాలు జమైకా నుంచి తెప్పించాడు. 1878లో మా పక్కనే కడప జిల్లా కమలాపురంలో నాటారు. కట్టెలకు పనికొస్తుందని తెచ్చిన చెట్టు, ఇవాళ చెరువులన్నిటినీ మింగింది. నడివేసవిలో చుట్టూ గడ్డిపరక లేనప్పుడు కూడా ఇది పచ్చగా ఉంటుంది. ఎండిన చెరువు గర్భం ఉపగ్రహం బొమ్మలో చక్కటి పచ్చచుక్కగా కనిపిస్తే, ఆ పచ్చను చూసి ఎవరు సంతోషించాలి? చెరువులో నీళ్లు నిలవకపోవడం వల్ల వచ్చిన పచ్చ అది.

2019లో నాసా ఉపగ్రహాల లెక్క వేసి, ఇరవై ఏళ్లలో ప్రపంచం పచ్చబడిందనీ, అందులో చైనా, ఇండియాలదే పెద్ద వాటా అనీ పత్రికల్లో వచ్చింది. మన పచ్చలో 82 శాతం పంటపొలాలదేనని అదే అధ్యయనం చెప్పింది. ఆ వార్త చదివి నాకు ఫోన్ చేసి అభినందించిన స్నేహితులున్నారు, మా జిల్లా నేనే పచ్చబరిచినట్టు. పంటపొలాల పచ్చ అంటే నీళ్లు, ఎరువులు, రెండో పంట. మా వైపు నీళ్లంటే చాలాకాలం బోర్లే. వెయ్యి అడుగుల కింది నీళ్లు తోడి పెంచిన చీనీ (బత్తాయి) తోట కూడా బొమ్మలో పచ్చే, బోరు ఎండేదాకా. 2012 చివర్లో హంద్రీ-నీవా కాలువ శ్రీశైలం నీళ్లను జీడిపల్లికి తెచ్చాక వచ్చిన పచ్చ వేరు. అది మిగిలే పచ్చ. రెండూ ఒకే రంగు.

అయితే పచ్చ లెక్కకు విలువ లేదా? చాలా ఉంది, దాన్ని వాన లెక్క పక్కన పెట్టి చదివితే. 2004లో ఎవాన్స్, గీర్కెన్ అనే ఇద్దరు పరిశోధకులు సిరియా మెట్ట భూముల మీద ఒక పద్ధతి చూపించారు. ఏటా పడిన వానకు ఎంత పచ్చ రావాలో మొదట లెక్క కట్టాలి. వచ్చిన పచ్చలోంచి దాన్ని తీసేయాలి. మిగిలింది ఏడాదికేడాది తగ్గుతూ పోతుంటే నేల నిజంగా చెడుతోందని అర్థం. మంచి వానకు కూడా పాత పచ్చ రాలేదంటే మట్టి కొట్టుకుపోయిందో, మేత ఎక్కువైందో, ఇసుక కమ్మిందో చూడాలి. తేడా లేకపోతే అది కరువేడు మాత్రమే. సహేల్‌లో జరిగిన తగువంతా ఈ ఒక్క కూడికతీసివేత తెలియక జరిగిందని నా అభిప్రాయం.

ఇసుక కమ్మడం మా జిల్లాలో కథ కాదు. బొమ్మనహాళ్, కణేకల్లు మండలాల్లో వేదవతి (మేం హగరి అంటాం) ఒడ్డున దర్గాహొన్నూరు, గోవిందవాడ వైపు వెళ్లి చూడండి. ఆషాఢం గాలికి ఏటి ఇసుక లేచి చేల మీద దిబ్బలు కడుతుంది. తుంగభద్ర కాలువ కింద వరి మడి, దాని పక్కనే ఇసుక మేట. ఇస్రో అహ్మదాబాదు కేంద్రం 2016లో వెలువరించిన ఎడారీకరణ పటాల పుస్తకం లెక్క ప్రకారం, 2011-13 నాటికి దేశంలో 9 కోట్ల 64 లక్షల హెక్టార్లు, అంటే నేలలో 29 శాతం పైగా చెడిన భూమే. అలాంటి పెద్ద లెక్క ఏ కరణమూ, ఏ గణాంకాధికారీ వేయలేడు. అక్కడ ఉపగ్రహానికి దండం పెట్టాల్సిందే.

కరువు ప్రకటన సంగతి 2016లో మళ్లీ మారింది. ఆ ఏడు మే నెలలో సుప్రీంకోర్టు కరువు మీద గట్టి తీర్పు ఇచ్చాక కేంద్రం డిసెంబరులో కొత్త కరువు మాన్యువల్ తెచ్చింది. మొదట వాన లోటు, బెట్ట చూడాలి. తర్వాత పచ్చ లెక్క, నేలలో తడి, విత్తిన విస్తీర్ణం, చెరువుల్లో నీళ్లు. ఆఖరున నమూనా గ్రామాలకు వెళ్లి పైరు చూడాలి. కాగితం మీద ఈ వరస నాకు నచ్చింది, ఎందుకంటే డబ్బా, ఉపగ్రహం, మనిషి ముగ్గురూ అందులో ఉన్నారు. ఆచరణలో మూడోదాని మీదే అందరికీ చిన్నచూపు. పటం రంగు చూసి ఆఫీసులో కూర్చునే ‘ఫీల్డు’ రిపోర్టు రాసేసిన వాళ్లను నేను ఎరుగుదును. ఆ మాటకొస్తే, చేను తొక్కకుండా అణాలు వేసిన కరణానికీ వాళ్లకూ తేడా ఏముంది?

చివరగా ఒక విన్నపం. పచ్చ లెక్క వయసు 1981 నుంచి లెక్కపెట్టినా నలభై ఏళ్ల చిల్లర. అంతకు ముందు నూరేళ్ల వాన లెక్క కాగితాల మీదే ఉంది. మద్రాసు కాలం నాటి ‘సీజన్ అండ్ క్రాప్’ నివేదికల్లో అచ్చైంది నెలల మొత్తాలే. బెట్ట ఎప్పుడు వచ్చి ఎన్నాళ్లుందో తెలియాలంటే రోజువారీ రిజిస్టర్లు కావాలి. అవి పాత తాలూకా ఆఫీసుల అటకల మీద చెదలు తింటున్నాయి. ఒక ఆఫీసులో కొత్త బీరువాలకు జాగా కోసం అలాంటి కట్టలు పాతకాగితాలవాడికి తూకానికి వేయడం నేను కళ్లారా చూశాను. మీరు రెవెన్యూలో, గణాంక శాఖలో, పాత రైల్వే స్టేషన్లలో, ఎస్టేటు ఇళ్లలో పనిచేస్తున్నా, ఉంటున్నా, వానమాపకం రిజిస్టరు ఒక్కటి కనిపించినా పారేయకండి. పేజీ పేజీ ఫోనుతో ఫొటో తీసి, తేదీ, ఊరు పేరు రాసి, దగ్గర్లోని వ్యవసాయ పరిశోధన కేంద్రానికి ఇవ్వండి.